చంద్రునికి వెళ్ళిన ప్రణయ నవల

విజ్ఞానశాస్త్రము చదువుకొంటున్న ఒక విద్యార్థి చేతికి ఒక నవల వచ్చినదనుకొందాము. అట్టమీద రాకెట్టు, దాని వెనుక పూర్ణచంద్రుడు, ముందు చేయి చేయి పట్టుకొని నిలిచిన యువతీయువకులు. విద్యార్థి రెండు రాత్రులు మేలుకొని పుస్తకము ముగించినాడు. ముగించిన తరువాత మనసులో వెలితి మిగిలినది. రాకెట్టు ఎట్లా ఎగిరినదో పుస్తకములో లేదు. చంద్రునిపై నాయిక కొప్పులోని పూలు గాలికి ఊగినవి. ఆ గాలి ఎక్కడనుండి వచ్చినదో చెప్పలేదు. మరునాడు బడిలో "ఇందులో సైన్సు ఏదీ సార్?" అని అడిగినాడు.

మెదకు పట్టణములోని ఉన్నత పాఠశాలలో గాని, మరే ఊరి పాఠశాలలో గాని ఈ ప్రశ్న వచ్చినప్పుడు సాధారణముగా రెండు జవాబులు వినబడుతవి. "నవలలు కట్టిపెట్టి పాఠము చదువు" అనేది ఒకటి. "అది కథే కదా, దానికి లెక్కలెందుకు" అనేది రెండవది. మొదటి జవాబు పిల్లవాని ఉత్సాహమును చల్లార్చుతుంది. రెండవది అతని సందేహమును చల్లార్చుతుంది. ఉత్సాహము, సందేహము రెండూ లేనిచోట విజ్ఞానశాస్త్రము మొలకెత్తదు. కనుక ఇంతకంటె మంచి జవాబు కావాలె. దానిని వెదకుటకు రాకెట్టుల చరిత్రలోనే ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. ఒక విజ్ఞాన కల్పిత నవలను చదివి తృప్తిపడని బాలుడు, తరువాత తానే ఒక ప్రణయ నవలకు శాస్త్ర సలహాదారుగా వెళ్ళి, దానివలన తాను కూడా ఆశాభంగము పొందిన కథ అది.

ఆశాభంగము ఎందుకు కలుగుతుంది?

చంద్రుని గురించి ప్రేమకథలు మనకు కొత్త కాదు. బృహస్పతి భార్య తారను చంద్రుడు వరించిన కథ, వారికి బుధుడు పుట్టిన కథ మన పురాణములలో ఉన్నవి. దక్షుని కుమార్తెలైన 27 మంది నక్షత్ర భార్యలలో చంద్రుడు రోహిణిని మాత్రమే మిక్కిలి ప్రేమించినాడనీ, అందుకు దక్షుడు శపించగా క్షీణించుట మొదలుపెట్టినాడనీ చెప్పుకొంటాము. ఈ కథలు విని "చంద్రునిపై గాలి లేదే, తార ఎట్లా బ్రతికినది?" అని ఎవ్వరూ అడుగరు. ఆ కథ శాస్త్రము చెబుతానని మాట ఇవ్వలేదు.

అయినను ఆ కథలో చూపు మాత్రము నిజమే. చంద్రుడు ఆకాశములో తిరిగే దారి రోహిణీ నక్షత్రమునకు చాలా దగ్గరగా పోతుంది. కొన్ని సంవత్సరములలో ప్రతి మాసము చంద్రుడు రోహిణిని కప్పివేస్తాడు. 2015 నుండి 2018 వరకు అట్లే జరిగినది. ఈ క్రమము సుమారు 18 సంవత్సరముల 7 మాసములకు ఒకసారి మరల వస్తుంది. కంటితో చూచి, గుర్తుపెట్టుకొని, దానికి ప్రేమకథ అల్లిన పూర్వులు పరిశీలనను వదలలేదు.

విజ్ఞాన కల్పిత నవల సంగతి వేరు. అది తొలి పుటలోనే చదువరికి మాట ఇస్తుంది: "ఇది జరుగగలిగినది, ప్రకృతి నియమములకు లోబడి జరిగినది." ఆ మాట తప్పినప్పుడే చదువరికి కోపము వస్తుంది. ఎచ్.జి. వెల్స్ 1901లో ప్రకటించిన చంద్రయాత్ర నవలలో గురుత్వాకర్షణను అడ్డగించే ఒక కల్పిత పదార్థము ఉన్నది. జూల్స్ వెర్న్‌కు అది నచ్చలేదు. నేను భౌతికశాస్త్రమును వాడుకొంటాను, ఆయన లేనిదానిని కల్పిస్తాడు, ఆ పదార్థమేదో చూపించమనండి అనే భావముతో ఆయన 1903లో అభ్యంతరము చెప్పినాడు. నవలాకారుడు నవలాకారునితో ఆడిన ఈ వాదములో వెర్న్ పక్షము బలమైనదిగా కనిపిస్తుంది. కాని వెర్న్ తన లెక్క తాను సరిచూచుకొన్నాడా?

మెదకు గోపురముతో ఒక లెక్క

వెర్న్ 1865లో ప్రకటించిన "భూమి నుండి చంద్రునికి" అనే నవలలో ముగ్గురు మనుషులను ఒక గుండులో కూర్చోబెట్టి, పెద్ద ఫిరంగిలో పెట్టి ఆకాశమునకు పేల్చుతారు. ఆ ఫిరంగి గొట్టము పొడవు 900 అడుగులు. అది నేలలో నిలువుగా త్రవ్విన గొట్టము.

900 అడుగులంటే ఎంతో మెదకు విద్యార్థికి సులభముగా చెప్పవచ్చును. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు చర్చి గోపురము ఎత్తు 175 అడుగులు. అటువంటి గోపురములను అయిదింటిని ఒకదానిపై ఒకటి నిలిపినా వెర్న్ ఫిరంగికి కొంచెము తక్కువే అవుతుంది. మీటర్లలో చెప్పాలంటే ఆ గొట్టము సుమారు 274 మీటర్లు.

గుండు గొట్టమునుండి బయటపడునప్పుడు దాని వేగము క్షణమునకు 11 కిలోమీటర్లు ఉండవలెనని వెర్న్ వ్రాసినాడు. ఈ అంకె సరియైనదే. భూమి ఆకర్షణను దాటిపోవుటకు కావలసిన పలాయన వేగము క్షణమునకు 11.2 కిలోమీటర్లు. చిక్కు మరొకచోట ఉన్నది. గుండు నిశ్చల స్థితి నుండి బయలుదేరి గొట్టము చివర 11 కిలోమీటర్ల వేగము అందుకొన్నది. అంటే గొట్టములో దాని సగటు వేగము క్షణమునకు 5.5 కిలోమీటర్లు. 274 మీటర్లను ఆ వేగముతో దాటుటకు పట్టే కాలము క్షణములో ఇరవయ్యవ వంతు. ఇరవయ్యవ వంతు క్షణములో 11,000 మీటర్ల వేగము రావలెనంటే త్వరణము 2,20,000 మీటర్లు. భూమిపై వస్తువు క్రింద పడే త్వరణము 10 మీటర్లని తీసుకొంటే ఇది 22,000 రెట్లు.

50 కిలోల బరువున్న బాలుడు ఆ గుండులో కూర్చొంటే ఆ క్షణములో తన బరువు 1,100 టన్నులుగా తోస్తుంది. వెర్న్ తన యాత్రికుల కాళ్ళక్రింద నీటితో ఒక మెత్త ఏర్పాటు చేసినాడు గాని, ఈ ఒత్తిడి ముందర అది ఎందుకూ కొరగాదు. యాత్రికులు గొట్టము దాటకముందే నలిగిపోతారు. వారికి చంద్రునిపై చూడగల దృశ్యము ఏదీ మిగలదు.

తృప్తిపడని బాలుడు

ఈ లెక్క వేసినవారిలో ఒకడు హెర్మన్ ఓబెర్త్. అతడు 1894 జూన్ 25న నేటి రుమేనియాలోని ట్రాన్సిల్వేనియా ప్రాంతములో, జర్మను భాష మాట్లాడే కుటుంబములో పుట్టినాడు. తండ్రి వైద్యుడు. పదునొకండవ ఏట వెర్న్ చంద్రయాత్ర నవలలు అతని చేతికి వచ్చినవి. వాటిని కంఠస్థమయ్యేదాకా చదివినాడు. చదివి, ఫిరంగిలో మనిషి బ్రతుకడని గ్రహించినాడు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసినది ఉన్నది. పుస్తకము తప్పని తెలిసిన తరువాత ఆ బాలుడు దానిని మూలకు పారవేయలేదు. ఫిరంగి పనికిరానిచో మరేది పనికివస్తుందని వెదకినాడు. కావలసినది అదే 11 కిలోమీటర్ల వేగము. కాని అది క్షణములో వంతులో కాక నిమిషములలో రావలెను. క్షణమునకు 30 మీటర్ల చొప్పున వేగము పెరుగుతూ పోతే యాత్రికునికి తన బరువు నాలుగు రెట్లుగా తోస్తుంది. పడుకొని ఉంటే మనిషి దానిని ఓర్వగలడు. అట్లా పెరిగితే 11 కిలోమీటర్ల వేగము ఆరు నిమిషములకు వస్తుంది. ఆరు నిమిషములు ఎడతెగక త్రోసే సాధనము ఫిరంగి కాదు, రాకెట్టు. అది తన ఇంధనమును తనతోనే మోసికొనిపోతూ, వేడి వాయువును వెనుకకు విడుస్తూ, ఆ ప్రతిచర్యతో ముందుకు పోతుంది. గాలిలేని చోట కూడా పనిచేస్తుంది.

ఓబెర్త్ ఈ విషయముపై డాక్టరేటు కొరకు వ్రాసిన సిద్ధాంత వ్యాసమును 1922లో విశ్వవిద్యాలయము అంగీకరించలేదు. మరుసటి సంవత్సరము, 1923లో, దానిని "గ్రహాంతర ప్రదేశములకు రాకెట్టు" అనే చిన్న పుస్తకముగా ప్రకటించినాడు. మెదకులో చర్చి గోపురము పూర్తి కావస్తున్న సంవత్సరమది. రష్యాలో సియోల్కోవ్‌స్కీ 1903లోను, అమెరికాలో గాడర్డ్ 1919లోను ఇవే విషయములపై వ్రాసి ఉన్నారు. మువ్వురును వేర్వేరుగా ఒకే తీర్మానమునకు వచ్చినారు.

ఉపాధ్యాయులు గమనింపదగిన మరొక సంగతి: ఓబెర్త్ జీవనోపాధి పాఠశాల ఉపాధ్యాయ పదవి. మీడియాష్ అనే చిన్న పట్టణములో, 1938 వరకు, ఉన్నత పాఠశాల పిల్లలకు గణితము, భౌతికశాస్త్రము బోధించినాడు. రోదసీ యానమునకు పునాదులు వేసిన మువ్వురిలో ఇద్దరు, సియోల్కోవ్‌స్కీ, ఓబెర్త్, బడిపంతుళ్ళే.

ప్రణయ నవల వచ్చినది

ఓబెర్త్ పుస్తకము జర్మనీలో సంచలనము కలిగించినది. సామాన్యులకు తెలిసే భాషలో రాకెట్టుల గురించి పుస్తకములు వెలువడినవి. 1927లో రోదసీ యాన సంఘము ఏర్పడినది. ఈ ఉత్సాహమును చూచి థియా ఫాన్ హార్బూ అనే ప్రసిద్ధ రచయిత్రి 1928లో "చంద్రునిలో స్త్రీ" అనే నవల ప్రకటించినది. "మెట్రోపాలిస్" వ్రాసినది కూడా ఆమెయే. ఆమె భర్త, చిత్ర దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్, ఆ నవలను చలనచిత్రముగా తీయుటకు పూనుకొన్నాడు. శాస్త్ర విషయములలో సలహాకు ఓబెర్త్‌ను బెర్లినుకు పిలిపించినాడు. చిత్రము 1929 అక్టోబరు 15న బెర్లినులో తొలిసారి ప్రదర్శింపబడినది. అది మూకీ చిత్రము.

కథ క్లుప్తముగా ఇది. మాన్‌ఫెల్ట్ అనే వృద్ధ ఆచార్యుడు చంద్రునిపై బంగారము ఉన్నదని చెప్పి తోటి పండితుల అపహాస్యమునకు గురి అయినాడు. హేలియస్ అనే ఇంజనీరు అతనిని నమ్మి రాకెట్టు కట్టినాడు. హేలియస్ తనతో పనిచేసే ఫ్రీడె అనే యువతిని ప్రేమించినాడు, కాని చెప్పుకొనలేదు. ఆమెకు అతని స్నేహితుడు విండెగ్గెరుతో వివాహము నిశ్చయమైనది. ముగ్గురూ, ఆచార్యుడు, బంగారము మీద కన్నువేసిన ధనికుల ప్రతినిధి ఒకడు, దొంగతనముగా రాకెట్టులో ఎక్కిన గుస్తావ్ అనే బాలుడు కలిసి చంద్రునికి పోతారు. అక్కడ కలహములో ఆమ్లజని నిల్వ కొంత పోతుంది. ఒకరు చంద్రునిపై ఉండిపోతే తప్ప మిగిలినవారు ఇల్లు చేరలేరు. స్నేహితుని కొరకు హేలియస్ తానే ఉండిపోవుటకు నిశ్చయించుకొంటాడు. రాకెట్టు వెళ్ళిపోయిన తరువాత చూస్తే, ఫ్రీడె కూడా అతని కొరకు దిగి ఉండిపోయినది.

గుస్తావ్ అనే బాలుడు చంద్రుని రాక్షసుల గురించిన చవుకబారు కథల పుస్తకములు వెంటతెచ్చుకొంటాడు. నవలలు చదివి చంద్రునికి బయలుదేరిన బాలుని కథలోనే పెట్టుటలో హార్బూ తన చదువరులను బాగుగా ఎరిగినదనిపిస్తుంది.

సరియైనవి, సరికానివి

ఈ కథ మొదటి సగము చూచినవారికి ఆశ్చర్యము కలుగుతుంది. మనిషి రోదసికి పోవుటకు 32 సంవత్సరములు ముందు తీసిన చిత్రములో రాకెట్టు అంచెలుగా విడిపోతుంది. కాలిపోయిన అంచె బరువును మోయనక్కరలేకుండ జారవిడుస్తారు. రాకెట్టును పెద్ద కట్టడములో నిలువుగా కూర్చి, పట్టాలమీద నడిపించి ప్రయోగ స్థలమునకు తెస్తారు. బయలుదేరునప్పుడు యాత్రికులు పడకలమీద పండుకొని ఒత్తిడిని ఓర్చుకొంటారు. ఇంజను ఆగిన తరువాత వారు బరువులేనివారై తేలుతారు. కాళ్ళు నిలుపుకొనుటకు నేలమీద పట్టీలు ఉంటవి. ఇదంతయు ఓబెర్త్ లెక్కలనుండి వచ్చినది.

రాకెట్టు చంద్రునిపై దిగిన తరువాత శాస్త్రము వెనుకబడుతుంది. ఆచార్యుడు శిరస్త్రాణముతో బయటికి వచ్చి అగ్గిపుల్ల గీస్తాడు. అది మండుతుంది, కనుక గాలి ఉన్నదని శిరస్త్రాణము తీసివేస్తాడు. ఆపైన భూమిమీద బావి త్రవ్వేటప్పుడు నీళ్ళ జాడ చూచేవాని వలె చేతిలో కర్ర పట్టుకొని బయలుదేరుతాడు. బంగారము కనబడుతుంది. యువతీయువకులు మామూలు దుస్తులలో తిరుగుతారు.

హార్బూ దీనికి ఒక ఆధారము చూపగలదు. 1850లలో హాన్సెన్ అనే జర్మను ఖగోళశాస్త్రజ్ఞుడు చంద్రుని గరిమనాభి ఆకార కేంద్రము నుండి తొలగి ఉన్నదనీ, అందుచేత మనకు కనబడని ఆవలివైపున గాలి, నీరు చేరి ఉండవచ్చుననీ ఊహించినాడు. కథలోని యాత్రికులు ఆవలివైపుననే దిగుతారు. కాని హాన్సెన్ ఊహను ఆ శతాబ్దములోనే తోటి ఖగోళశాస్త్రజ్ఞులు ఖండించినారు. 1928 నాటికి దానిని నమ్మే పండితులు లేరు.

చంద్రునికి వాతావరణము ఎందుకు నిలువదో ఉన్నత పాఠశాల లెక్కతోనే తెలియును. వాయువు అణువులు వేడినిబట్టి అటునిటు పరుగెత్తుతుంటవి. చంద్రుని పగటి వేడి సుమారు 120 డిగ్రీల సెంటిగ్రేడు. ఆ వేడిలో ఆమ్లజని అణువు సగటు వేగము క్షణమునకు అర కిలోమీటరు కంటె కొంచెము ఎక్కువ. చంద్రుని పలాయన వేగము 2.4 కిలోమీటర్లు. పలాయన వేగము అణువుల సగటు వేగమునకు ఆరు రెట్లైనా ఉంటేనే ఒక గోళము తన వాయువును కోట్లకొలది సంవత్సరములు నిలుపుకొనగలదని స్థూలముగా చెప్పుకొంటారు. చంద్రుని దగ్గర అది నాలుగు రెట్లకు కొంచెము మించి మాత్రమే ఉన్నది. సగటు కంటె వేగము గల అణువులు ఒకటొకటిగా జారిపోతుంటవి. సూర్యుని నుండి వీచే కణముల ధారకూడ వాయువును ఊడ్చివేస్తుంది. చంద్రుని ఈవలివైపైనా, ఆవలివైపైనా ఈ లెక్కలో భేదము లేదు.

1959 అక్టోబరులో సోవియట్ లూనా-3 ఆవలివైపు ఛాయాచిత్రములు తొలిసారి తీసి పంపినది. 2019 జనవరి 3న చైనా వారి చాంగె-4 ఆవలివైపు దిగినది. గాలి గాని, బంగారు గుహలు గాని కనబడలేదు. మన చంద్రయాన్-1, 2008లో బయలుదేరి, చంద్రుని మట్టిలో నీటి అణువుల జాడ పట్టుటకు తోడ్పడినది. ఆ నీరు మట్టి రేణువులను, ఖనిజములను అంటిపెట్టుకొని ఉన్నది; కర్రతో వెదకగలిగిన ఊట కాదు.

గురువుకు కలిగిన ఆశాభంగము

చంద్రునిపై గాలి లేదని ఓబెర్త్‌కు బాగుగా తెలియును. అయినను అతడు పనిచేసిన చిత్రములో గాలి ఉన్నది. కారణము ఊహించుట కష్టము కాదు. ఇనుప శిరస్త్రాణములలో దాగిన నాయికానాయకుల ముఖములపై ప్రేమ కనబడదు. మూకీ చిత్రములో ముఖము కనబడనిచో కథయే లేదు. రాకెట్టు ఎగురువరకు శాస్త్రము చెప్పినట్లు కథ నడచినది. ప్రేమ మొదలైన తరువాత కథ చెప్పినట్లు శాస్త్రము నడువవలసి వచ్చినది.

ఓబెర్త్‌కు అంతకు మించిన కష్టము కూడ కలిగినది. చిత్రమునకు ప్రచారముగా, తొలి ప్రదర్శన నాటికి నిజమైన ద్రవ ఇంధన రాకెట్టునొకదానిని కట్టి ఎగురవేయుటకు అతడు ఒప్పుకొన్నాడు. అతడు సిద్ధాంతములో దిట్ట. యంత్రశాలలో అనుభవము తక్కువ. గడువు కొద్ది నెలలు. ప్రయోగములలో జరిగిన ఒక ప్రేలుడులో అతని కంటికి గాయమైనది. రాకెట్టు ఎగురలేదు. అయినను, ద్రవ ఇంధనము ఎట్లా మండుతుందో ఆ కొద్ది నెలలలో అతడు నేర్చుకొన్నది వృథా పోలేదు. 1930 జూలైలో బెర్లినులో ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో అతని చిన్న ఇంజను పరీక్షకు నిలిచి 90 క్షణములు మండినది. అప్పుడు అతనికి సహాయము చేసిన యువకులలో వెర్నెర్ ఫాన్ బ్రౌన్ ఒకడు. వయస్సు 18 సంవత్సరములు.

తరువాతి చరిత్రను మెరుగుపెట్టి చెప్పరాదు. ఆ యువకుని బృందము జర్మను సైన్యము కొరకు వి-2 రాకెట్టు కట్టినది. 1942 అక్టోబరు 3న తొలిసారి జయప్రదముగా ఎగిరిన వి-2 పై "చంద్రునిలో స్త్రీ" చిహ్నము వేసి ఉన్నది. 1944 సెప్టెంబరు నుండి అవి లండను మొదలైన నగరములపై పడి వేలకొలది ప్రజలను చంపినవి. వాటిని తయారుచేసిన భూగర్భ కర్మాగారములో బలవంతముగా పనిచేయింపబడిన ఖైదీలు ఇంకను ఎక్కువ సంఖ్యలో మరణించినారు. ప్రేమకథలోని బొమ్మ ఆయుధము మీదికి ఎక్కినది. యుద్ధానంతరము ఫాన్ బ్రౌన్ అమెరికాకు పోయి శాటర్న్-5 రాకెట్టు కట్టినాడు. 1969 జూలై 16న అపోలో-11 బయలుదేరుట చూచుటకు 75 ఏళ్ళ ఓబెర్త్ అమెరికాకు వెళ్ళినాడు. అతడు 1989 డిసెంబరులో మరణించినాడు.

శ్రీహరికోటలో వినబడే అంకెలు

ఆ చిత్రము నుండి ప్రపంచమంతయు తీసుకొన్నది ఒకటున్నది. రాకెట్టు బయలుదేరే ఘట్టమును ఉత్కంఠతో నింపుటకు లాంగ్ ఒక ఉపాయము చేసినాడు. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కిస్తే ఎక్కడ ఆగుతుందో చూచేవారికి తెలియదు. క్రిందికి లెక్కిస్తే అందరికీ తెలియును. తెరమీద అంకెలు తగ్గుతూ వచ్చి, చివరకు "ఇప్పుడు" అనే మాట కనబడుతుంది. రాకెట్టులకు కౌంట్‌డౌన్ ఆ విధముగా ప్రసిద్ధికెక్కినది. నేడు దానికి శాస్త్రప్రయోజనము కూడా ఉన్నది: ఇంధనము నింపుట, విద్యుత్తు మార్చుట, కవాటములు మూయుట మొదలైన ప్రతి పనికి సున్నకు ముందు ఏ క్షణములో జరుగవలెనో నిర్ణయింపబడి ఉంటుంది. ఏదైనా లోపము కనబడితే లెక్క అక్కడనే ఆపుతారు.

1971 అక్టోబరు 9న మన శ్రీహరికోట నుండి తొలి చిన్న రాకెట్టు ఎగిరినది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో పెట్టినది. చంద్రుని ప్రియురాలి పేరు ఆ ఉపగ్రహమునకు ఉండుట మనకు ముచ్చటగొలుపుతుంది. 2023 జూలై 14న చంద్రయాన్-3 అక్కడనుండే బయలుదేరి, ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతములో దిగినది. దూరదర్శనిలో ఆ అంకెలు విన్న తెలుగు విద్యార్థికి, అవి 1929 నాటి ఒక ప్రేమకథా చిత్రము ద్వారా లోకప్రసిద్ధమైనవని ఎవరు చెబుతారు?

మన ప్రాంతములో ఆనాడు

ఆ చిత్రము వెలువడిన మరుసటి సంవత్సరము, 1930లో, అప్పటి మెదకు జిల్లాలోని జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగినది. నైజాము రాష్ట్రములో ఉన్నత విద్య ఉర్దూ మాధ్యమములో నడుస్తున్న కాలమది. తెలుగులో చదువు కావలెననీ, గ్రంథాలయములు కావలెననీ ఆ ఉద్యమము కోరినది. జర్మనీలో ఒక బాలుడు రాకెట్టు లెక్కలను తన తల్లిభాషలో చదువుకొనగలిగినప్పుడు, మెతుకుసీమ బాలునికి తల్లిభాషలో భౌతికశాస్త్రమే బడిలో దొరకలేదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావుగారు, వారి మిత్రులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి ఈ కొరత తీర్చుటకు పూనుకొని చరిత్ర గ్రంథములతో పాటు శాస్త్ర గ్రంథములను తెలుగులో ప్రకటించినది. నవలలకు పోటీలు కూడ పెట్టినది. శాస్త్రము, నవల ఒకే మండలి చేతిమీదుగా తెలుగు ఇంటికి వచ్చినవన్నమాట.

విజ్ఞాన కల్పన, ప్రణయము కలిసిన కథను తెలుగువారిలో ఎక్కువమందికి పరిచయము చేసినది 1991లో సింగీతము శ్రీనివాసరావుగారు తీసిన "ఆదిత్య 369" చిత్రము. వెల్స్ 1895లో ప్రకటించిన కాలయంత్రము నవల దానికి ప్రేరణ. అందులో నాయికానాయకులు కృష్ణదేవరాయల కాలమునకు, ఆపైన భవిష్యత్తునకు పోతారు. గతమునకు పోవుట సాధ్యమని భౌతికశాస్త్రము నేటికిని చెప్పలేదు. అయినను ఆ చిత్రము ప్రేక్షకులను నిరాశపరచలేదు. ఒకే ఒక్క అసాధ్యమును మొదటనే ఒప్పుకొని, మిగిలినదంతయు మనమెరిగిన లోకముగా ఉంచినది. వెల్స్ కూడ 1933లో తన కథల సంపుటికి వ్రాసిన పీఠికలో ఈ నియమమునే చెప్పినాడు. హార్బూ కథ మొదట లెక్క ప్రకారము నడచి, చదువరి నమ్మిన తరువాత, నడిమధ్య మాట తప్పినది. ఆశాభంగములో ఈ భేదము ఉన్నది.

తరగతిలో ఏమి చేయవచ్చును?

పై చరిత్రనుబట్టి ఉపాధ్యాయులు ఆచరింపదగినవి కొన్ని సూచించవచ్చును. నవల చదివి అసంతృప్తిపడిన విద్యార్థిని ముందుగా మెచ్చుకొనవలెను. అతడు పాఠమును పుస్తకము బయట వాడినాడు. తరువాత అతని చేత మూడు పట్టికలు వ్రాయించవచ్చును. నవలలో సరియైన సంగతులు ఒకదానిలో, నియమవిరుద్ధమైనవి రెండవదానిలో, ఇప్పటికి సాధ్యము కాకున్నను నియమములకు విరుద్ధము కానివి మూడవదానిలో. మూడవ పట్టిక అన్నిటికంటె కష్టమైనది. ఓబెర్త్ జీవితకాలపు కృషి అంతయు ఆ పట్టికలో చేరుతుంది.

రెండవ పట్టికలోని ప్రతి తప్పుకు ఒక అంకె వ్రాయవలెను. "చంద్రునిపై గురుత్వము తక్కువ కదా" అంటే చాలదు, ఎంత తక్కువ? మెదకు చర్చి గోపురము పైనుండి రాయి జారవిడిస్తే నేల చేరుటకు 3.3 క్షణములు పడుతుంది. చంద్రునిపై అంతే ఎత్తు గోపురము ఉంటే 8 క్షణములు పడుతుంది. ఈ లెక్క వేసిన విద్యార్థి, నవలలో నాయకుడు చంద్రునిపై కొండమీదినుండి దూకిన ఘట్టమును తానే మరల వ్రాయగలడు.

కథలోని ప్రేమను పరిహసించుట మాత్రము మంచిది కాదు. 1928లో హార్బూ తన రాకెట్టులో ఒక స్త్రీని పనిచేసే వ్యక్తిగా ఎక్కించినది. ఫ్రీడె చంద్రునిపై కెమెరా పట్టుకొని దృశ్యములు తీస్తుంది. నిజలోకములో స్త్రీ రోదసికి పోవుటకు 1963 వరకు ఆగవలసి వచ్చినది. 1969–1972 మధ్య చంద్రునిపై నడచిన 12 మందియు పురుషులే. గాలి విషయములో తప్పిన రచయిత్రి ఈ విషయములో తన కాలపు ఇంజనీర్లకంటె ముందు ఉన్నది. తరగతిలోని బాలికలకు ఈ సంగతి చెప్పవలెను. ఆ పుస్తకములోని సరియైన సంగతుల పట్టికలో మొదట వ్రాయవలసినది ఇదే.